ఎర్ర గీత, నీలం గీత

2025 అక్టోబరులో ఒక రాత్రి పదింటికి చిన్నాన్న ఫోన్ చేశాడు. తొమ్మిదికల్లా పడుకునే మనిషి, ఆ టైములో ఆయన నంబరు కనబడేసరికి ఎవరికేమైందోనని గుండె దడదడలాడింది. ఎత్తగానే "ఒరే, ఆ జనరల్ గారి పుస్తకం వచ్చిందేట్రా?" అన్నాడు. ఆర్మీ చీఫ్‌గా చేసిన జనరల్ నరవణే గారి ఆత్మకథ గురించి అడుగుతున్నాడని అర్థమైంది. రాలేదు చిన్నాన్నా అన్నాను. "ఇంకా చూస్తానే ఉన్నారా?" అన్నాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "అంతటోడికే అలాగుంటే నాది నయమే కదేట్రా, పద్నాలుగు నెలల్లో తిరిగొచ్చింది" అని పెట్టేశాడు.

జనరల్ గారి పుస్తకం సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, మొదట్నుంచీ చెప్పను. 2023 డిసెంబరులో కొన్ని భాగాలు పీటీఐ వార్తల్లో వచ్చాయి, 2020 ఆగస్టు 31 రాత్రి లడాఖ్‌లో చైనా ట్యాంకులు పైకొస్తుంటే ఇక్కడ ఢిల్లీలో ఏం జరిగింది, అగ్నిపథ్ ఎలా మొదలై ఎలా మారింది, ఇవన్నీ ఆయన మాటల్లో. 2024 జనవరిలో రావాల్సిన పుస్తకం సైన్యం, రక్షణ శాఖ రివ్యూకని ఆగింది, అంతే, ఆగిపోయింది. 2025 అక్టోబరులోనే కసౌలీలో ఒక సాహిత్య సభలో ఎవరో అడిగితే జనరల్ గారు, రాయడం వరకే నా పని, పర్మిషన్ తెచ్చుకోవాల్సింది పబ్లిషరు అన్న అర్థంలో ఏదో చెప్పారు. ఆ వార్త చూసే చిన్నాన్న నాకు ఫోన్ చేసింది.

ఇక చిన్నాన్న "నాది" అన్నదేంటో చెప్పాలి. ఆయన ఆర్మీ సిగ్నల్స్‌లో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. మాది శ్రీకాకుళం జిల్లా, మా వీధిలోనే మిలటరీకి వెళ్ళొచ్చినవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు. కొన్నేళ్ళ కిందట ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్కు నిండా తన సర్వీసు సంగతులన్నీ తెలుగులో రాశాడు. తెలిసినాయన ఒకరు చదివి చిన్న పుస్తకంగా వేద్దాం అన్నారు. రిటైరై ఇన్నేళ్ళైంది, మీకు ఏ పర్మిషనూ అక్కర్లేదని అందరూ చెప్పారు, నేను కూడా చెప్పాను. ఆయన వినలేదు. "అడగకుండా వేస్తే దొంగతనం చేసినట్టుంటాదిరా" అన్నాడు. ఏ ఆఫీసుకి పంపాడో ఇక్కడ రాయను, రాయొద్దని ఆయన మాట తీసుకున్నాడు. అక్కడ తెలుగు చదివేవాళ్ళు లేరు, ఇంగ్లీషులో పంపమన్నారు. కూర్చుని మొత్తం నేనే ఇంగ్లీషులో టైపు చేశాను, నలభై రోజులు పట్టింది. మా ఊరి యాస, చిన్నాన్న వేసుకున్న సామెతలు, అన్నీ పోయి ఎవరో క్లర్కు రాసిన రిపోర్టులా తయారైంది. అయినా పంపాం.

పద్నాలుగు నెలల తర్వాత కవరొచ్చింది. మొత్తం పదకొండు చోట్ల ఎర్ర గీతలున్నాయి, కారణం ఒక్కచోట కూడా లేదు. అరుగు మీద కూర్చుని ఇద్దరం ఒక్కొక్కటే చూస్తూ వెళ్ళాం. పేజీ 38లో కొట్టేసిన వాక్యాలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. ఆ చలికాలం వాళ్ళ సెక్షన్ మొత్తానికి పనికొచ్చే ఊలు సాక్సులు మూడే జతలు. డ్యూటీకి ఎక్కేవాడు తొడుక్కునేవాడు, దిగొచ్చి విప్పి తర్వాతవాడికి ఇచ్చేవాడు, అప్పటికవి తడిసిపోయి ఉండేవి, కిరసనాయిలు స్టౌ మీద పట్టి ఆరబెట్టి ఆ వెచ్చదనం పోకముందే కాళ్ళకి ఎక్కించుకునేవాళ్ళు. ఇదీ కొట్టేసింది. మిగతా పదీ ఇంచుమించు ఇలాంటివే. దారి తప్పి మూడు రోజులు ఆలస్యమైన రేషను, ఒక ఆఫీసరు తీసుకున్న తప్పు నిర్ణయం, సెలవు దొరక్క ఒక కుర్రాడు ఏడ్చిన రాత్రి.

నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నాన్న మాత్రం ఎర్ర గీతల్ని వదిలేసి గీతల్లేని పేజీల్ని మళ్ళీ మొదట్నుంచీ చదవడం మొదలెట్టాడు, చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి "ఇది వదిలేశారేట్రా వీళ్ళు?" అన్నాడు. చొక్కా జేబులోంచి నీలం బాల్‌పెన్ను తీసి నాలుగు లైన్లు తనే కొట్టేశాడు. నీళ్ళు మోసుకెళ్ళే కంచర గాడిదలు ఏ వేళకి బయల్దేరతాయి, దారిలో ఏ మలుపు దగ్గర పైనున్న పోస్టుకి కనబడవు, వైర్‌లెస్ సెట్టుకి బ్యాటరీ ఎప్పుడు మారుస్తారు, ఆ పక్క నాలా పేరేంటి. అదంతా తనే రాసుకున్నాడు, రాసేటప్పుడు ఆ ధ్యాస లేదు, ఆ పోస్టు ఇంకా అక్కడే ఉంది, ఇప్పటికీ ఎవడో ఒకడు రాత్రిపూట ఆ మలుపు తిరుగుతూనే ఉంటాడు. ఆ ఆఫీసులో చదివినవాళ్ళకి అది కనబడలేదు, సాక్సులు కనబడ్డాయి.

ఈ పోస్టులో నేను చెప్పదల్చుకున్నదంతా ఆ రెండు రంగుల గీతల మధ్యే ఉంది. మిలటరీ సమాచారం బయటపెట్టే ముందు ఒకరు చదివి చూడాలి, అది ఉండాల్సిందే. కానీ చదివేవాళ్ళు వెతకాల్సింది రేపు డ్యూటీకి ఎక్కేవాడికి ఏం ముప్పొస్తుందో. నిన్న కుర్చీలో కూర్చున్నవాడికి ఏం తలవంపులొస్తాయో కాదు. ఈ రెండూ వేరు వేరని ఒప్పుకోనంతకాలం మన రివ్యూలు పోస్టు దారిని వదిలేసి సాక్సుల్ని కొట్టేస్తూనే ఉంటాయి.

కూరగాయల ఆర్డరు కూడా కబురే

అసలు రివ్యూ ఎందుకు, రిటైరైనవాళ్ళు ఏం రాసుకుంటే ఎవరికి నష్టం అని నేను చాలాకాలం వాదించినవాణ్ణే. నా మనసు మారడానికి సగం కారణం ఆ నీలం గీత, మిగతా సగం నేను ఉద్యోగానికొచ్చి స్థిరపడిన వైజాగ్. ఈ ఊళ్ళో పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ కథ తెలియని ఇల్లుండదు, ఆర్కే బీచ్‌లో స్థూపం ముందు నిలబడి ఫోటో దిగనివాళ్ళూ ఉండరు. కానీ ఆ కథలో పేలుడు కంటే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది కూరగాయలు. 1971 నవంబరులో గాజీ కరాచీ నుంచి బయల్దేరింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ల వైపు దాచేశారు. అది వైజాగ్ దగ్గర్లోనే ఉందని శత్రువు నమ్మాలి కాబట్టి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు ఇక్కడి కాంట్రాక్టర్లకి మాంసం, తాజా కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరు పెట్టించారు, ఫ్లీట్ వస్తోందని చెప్పి. ఆ మాట ఎలాగూ చేరాల్సినచోటికి చేరుతుందని ఆయనకి తెలుసు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ని సముద్రంలోకి పంపి విక్రాంత్ మాట్లాడుతున్నట్టు వైర్‌లెస్ మోత మోగించారు, ఒక నావికుడు జబ్బుగా ఉన్న తల్లి క్షేమం కనుక్కుంటున్నట్టు మామూలు టెలిగ్రాం కూడా పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద శబ్దం, సముద్రం ఒడ్డు ఇళ్ళల్లో కిటికీలు అదిరాయని పెద్దవాళ్ళు చెబుతారు. గాజీ మునిగిపోయిందని నేవీ బయటికి చెప్పింది 9వ తారీఖున.

దీన్ని అటుపక్క నుంచి ఆలోచించండి. వంకాయలు, బెండకాయల లెక్కతో ఒక సబ్‌మెరైన్‌ని మనం ఇటు రప్పించగలిగామంటే, మన వంకాయల లెక్కతో వాళ్ళు కూడా ఏదో ఒకటి చేయగలరు. విడివిడిగా చూస్తే ఏ ముక్కా రహస్యం కాదు, పక్కపక్కన పెడితే బొమ్మ కనబడుతుంది. 2019 డిసెంబరులో ఇదే వైజాగ్‌లో డాల్ఫిన్స్ నోస్ పేరుతో రాష్ట్ర ఇంటెలిజెన్స్ వాళ్ళు ఆపరేషన్ చేస్తే నేవీ కుర్రాళ్ళు ఏడుగురు అరెస్టయ్యారు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయం పెంచుకున్నవాళ్ళకి నౌకల కదలికలు చెప్పారని కేసు, తర్వాత అది ఎన్ఐఏకి వెళ్ళింది. ఆ నెలాఖరుకే నౌకల్లో, బేసుల్లో స్మార్ట్‌ఫోన్లు, సోషల్ మీడియా బంద్ చేశారు. అది విన్నప్పుడు ఇంటికి దూరంగా నెలల తరబడి ఉండే పిల్లలకి ఫోన్లు కూడా తీసేస్తే ఎలా అని బాధపడ్డాను, ఇప్పటికీ బాధే, కానీ తప్పని మాత్రం అనలేను.

ముంబై దాడులప్పుడు టీవీలు చేసింది కూడా అంతే. కమాండోలు తాళ్ళు పట్టుకుని దిగడం లైవ్‌లో చూపిస్తుంటే అవతల దేశంలో కూర్చున్నవాళ్ళు అది చూసి లోపలున్న వాళ్ళకి ఫోన్లో సూచనలిచ్చారు. 2012 ఆగస్టులో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు ఆ లైవ్ కవరేజీని గట్టిగా తప్పుపట్టింది. అందుకని ఆపరేషన్ జరుగుతున్నప్పుడు లైవ్ చూపించకూడదు, నియమించిన అధికారి అప్పుడప్పుడూ చెప్పేదే వెయ్యాలి అన్న రూలు మీద నాకు ఏ పేచీ లేదు.

తలవంపులకి రహస్యం ముద్ర

పేచీ ఎక్కడంటే, ఆపరేషన్ అయిపోయి, ఆ తుపాకులు మ్యూజియంలోకి వెళ్ళి, ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్ళు కాలం చేసిన తర్వాత కూడా కాగితం బయటికి రాకపోవడం. 1962 యుద్ధంలో ఎందుకు ఓడిపోయామో చూడమని లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ ఇద్దరికీ అప్పగిస్తే వాళ్ళు 1963లో రిపోర్టు ఇచ్చేశారు. 2010లో రక్షణమంత్రి ఆంటోనీ గారు పార్లమెంటులో దాన్ని బయటపెట్టలేం, చాలా సున్నితమైంది, ఇప్పటికీ ఆపరేషన్లకి సంబంధించిన విలువ ఉంది అన్నారు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళు బయటపెట్టాలని అరిచారు. 2014 మార్చిలో నెవిల్ మాక్స్‌వెల్ అనే జర్నలిస్టు తన దగ్గరున్న భాగం నెట్‌లో పెట్టేశాడు, ప్రపంచమంతా చదివింది, చైనావాళ్ళూ చదివే ఉంటారు. అదే ఏడాది అధికారం మారింది, మారినవాళ్ళు కూడా జూలైలో అదే మాటన్నారు, దేశ ప్రయోజనాల దృష్ట్యా కుదరదని. ఏ పార్టీ అయినా ఆ కుర్చీలో కూర్చోగానే మాట ఒక్కటే అవుతోందంటే ఆ మాట కుర్చీది, దేశానిది కాదు అని నాకనిపిస్తుంది.

అయితే ఇక్కడ నాకే ఒక అనుమానముంది, అది దాచుకోను. 1962 నాటి సరిహద్దు ఇవాళ్టికీ తేలలేదు. ఆ రిపోర్టులో ఏ గుట్ట మీద మన పోస్టు ఏ రోజు పెట్టామన్నది ఉంటే, అది మొన్న మొన్నటి చర్చల్లో కూడా అవతలివాళ్ళకి ఆధారంగా పనికిరావచ్చు. సరే, అలాంటివి ఎన్ని పేజీలుంటాయో అవి ఆపండి, నీలం పెన్నుతో కొట్టేయండి. ఎవరి మాట ఎవరు వినలేదు, చలిబట్టలు లేకుండా పిల్లల్ని ఎవరు పైకి పంపారు, అది ఏ చర్చల్లో పనికొస్తుంది? అరవై ఏళ్ళు దాటింది, ఆ పిల్లల భార్యలు కూడా ముసలివాళ్ళై వెళ్ళిపోయారు.

చలిబట్టలంటే గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరిలో కాగ్ రిపోర్టు పార్లమెంటులో పెట్టారు, సియాచిన్, లడాఖ్‌లో ఉన్న జవాన్లకి మంచు కళ్ళద్దాలు, బూట్లు కొరత ఉందని, కొత్త బూట్లు రాక పాతవే బాగుచేసి వాడాల్సొచ్చిందని ప్రభుత్వం వారి ఆడిటరే రాశారు. ఎవరైనా చదువుకోవచ్చు. అది చదివి శత్రువు దండెత్తలేదు, పేపర్లలో పెద్ద పెద్ద హెడ్డింగులొచ్చాయి, అంతే. అలాంటప్పుడు ఎప్పుడో ఏళ్ళ కిందటి మూడు జతల సాక్సులు ఏ లెక్కన రహస్యం?

తప్పు ఒప్పుకుంటే సైన్యం పరువు పోతుందంటారు. పోలేదు కదా. 2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టరు కూలి ఆరుగురు ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు, కింద ఒక పౌరుడు చనిపోయారు. అది మన క్షిపణే తగిలి కూలిందని, అది పెద్ద తప్పని అక్టోబరు 4న వాయుసేన అధిపతి భదౌరియా గారు అందరి ముందూ చెప్పారు. ఏడు నెలలు ఎందుకు పట్టిందని అప్పట్లో నాకు కోపమొచ్చింది, మధ్యలో ఎన్నికలు కూడా అయిపోయాయి మరి. ఇప్పుడు ఆలోచిస్తే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ అయ్యేదాకా ఆగడం న్యాయమే, తొందరపడి ఎవరి మీదో వేలు చూపిస్తే ఆ తర్వాత వెనక్కి తీసుకోలేం. చివరికి చెప్పారు, అది ముఖ్యం. ఆ రోజు నాకు వాయుసేన మీద గౌరవం పెరిగింది.

సూర్యాపేట ఆ మధ్యాహ్నం

ఆలస్యం మంచిదే అనిపించే సందర్భం ఒకటుంది, పేర్లు. 2020 జూన్ 16 మధ్యాహ్నం ఆర్మీ ఇచ్చిన స్టేట్‌మెంటులో గల్వాన్‌లో చైనావాళ్ళతో ఘర్షణలో ఒక ఆఫీసరు, ఇద్దరు జవాన్లు చనిపోయారని ఉంది. రాత్రికి 20 మంది అన్నారు, గాయపడినవాళ్ళు ఆ ఎత్తులో, గడ్డకట్టే చలిలో ప్రాణాలు వదిలారని. మధ్యాహ్నం మూడని రాత్రి ఇరవై ఎలా అయ్యారని చాలామంది నిలదీశారు, నేనూ ఆఫీసులో గొంతు పెంచిన గుర్తు. ఆ ఆఫీసరు మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అని తెలిశాక మాత్రం ఆలోచన ఇంకో దారి పట్టింది. టీవీలో స్క్రోలింగు చూసి కన్నతల్లికి కొడుకు పోయాడని తెలియకూడదు. ముందు ఇంట్లోవాళ్ళకి మనిషి వెళ్ళి చెప్పాలి, ఆ తర్వాతే మిగతా లోకానికి. ఆ కొన్ని గంటలు ఎవరు ఆపినా నేను చేతులెత్తి దండం పెడతాను.

అటుపక్క చూడండి. చైనా తన వాళ్ళు పోయారని ఎనిమిది నెలలు నోరు విప్పలేదు, 2021 ఫిబ్రవరిలో నలుగురు అంది, ఆ లెక్క మీద అనుమానం వెలిబుచ్చిన బ్లాగరుని జైల్లో పెట్టింది. ఆ ఎనిమిది నెలలు అక్కడి తల్లులు కొడుకు కోసం బయటికి వినబడేలా ఏడవను కూడా లేదేమో. ఇక్కడ సూర్యాపేటలో కరోనా రోజుల్లో కూడా జనం రోడ్డు పొడవునా పూలు పట్టుకుని నిలబడ్డారు, ఆయనకి మహావీర చక్ర వచ్చింది, పేరు చెబితే పిల్లలకి కూడా తెలుసు. పేరు బయటికి చెప్పడం వల్ల ఆ కుటుంబానికి దక్కిన ఓదార్పు అది. దాచేవాడే బలవంతుడని అనుకునేవాళ్ళు ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

సంతకం పెట్టేవాడి కష్టం

ఆ ఎర్ర గీతలు గీసిన మనిషిని నేను చాలా రోజులు మనసులో తిట్టుకున్నాను. తర్వాత ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టుకుని చూసుకున్నాను. ముందు ఒక నోట్‌బుక్కు. రాసినాయన ఎవరో తెలీదు, ఆ పోస్టు ఎక్కడుందో తెలీదు, ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. గాడిదల మలుపు గురించి చదివితే ఏ ఊళ్ళో దారో అనిపిస్తుంది. "సాక్సులు లేవు" అని చదివితే మాత్రం రేపు పేపర్లో హెడ్డింగు కళ్ళ ముందు కదులుతుంది. సరే అని సంతకం పెడితే ఎవరూ భుజం తట్టరు, ఏదైనా గొడవైతే ఫైలు తిరగేసి ఎవరు వదిలేశారని అడుగుతారు. కొట్టేస్తే అడిగేవాడు లేడు, పక్కన పెట్టేస్తే అసలు ఏ బాధా లేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి. అందుకే ఇది మనిషి తప్పు అనను, ఆపడానికి ఏ ఖర్చూ లేకుండా పెట్టిన పద్ధతి తప్పు.

రూల్స్ చూస్తే అయోమయం. సర్వీసులో ఉన్నవాళ్ళకి 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ రూలు స్పష్టంగా ఉంది, అనుమతి లేకుండా ఏదీ ప్రచురించకూడదు. రా, ఐబీ లాంటి గూఢచారి సంస్థల్లో చేసి రిటైరైనవాళ్ళకి 2021లో పెన్షన్ రూల్స్ మార్చారు, సంస్థ పనికి సంబంధించి రాయాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, లేదంటే పెన్షన్ మీదకొస్తుంది. మధ్యలో ఉన్నవాడు రిటైరైన సైనికుడు. అతని నెత్తిన ఉన్నది 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్, తెల్లవాళ్ళు పెట్టింది, రహస్యం అంటే ఏంటో అందులో నిర్వచనమే లేదు. 2006లో పరిపాలనా సంస్కరణల కమిషన్ దాన్ని తీసేయమంది, తియ్యలేదు. మేజర్ జనరల్ వి.కె. సింగ్ గారు 2007లో రా గురించి ఒక పుస్తకం రాస్తే సీబీఐ ఈ చట్టం కిందే కేసు పెట్టింది. 2023 మేలో కూడా ఢిల్లీ హైకోర్టు ఆ కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. పదహారేళ్ళు. తప్పుందో లేదో తేలకముందే సగం ముసలితనం కోర్టు మెట్ల మీద గడిచిపోయింది. ఇది చూశాక ఏ పబ్లిషరు మాత్రం ధైర్యం చేస్తాడు, ఏ హవల్దారు మాత్రం నోట్‌బుక్కు బయటికి తీస్తాడు?

అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌కి దీనికోసమే ఒక ఆఫీసుంది, అక్కడేమీ స్వర్గం కాదు. 2010లో ఆంథోనీ షాఫర్ అనే ఆఫీసరు అఫ్ఘానిస్తాన్ అనుభవాలు రాస్తే ముందు ఆర్మీ సరేనంది, తర్వాత పెంటగాన్ కళ్ళు తెరిచి అచ్చయిన దాదాపు 9,500 కాపీలు కొని ధ్వంసం చేయించింది. అప్పటికే కొన్ని కాపీలు రివ్యూ రాసేవాళ్ళకి వెళ్ళిపోయాయి, నల్లరంగు పూసిన కొత్త ఎడిషన్‌నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి ఏం దాచారో జనం చదువుకున్నారు. కానీ ఒక తేడా ఉంది. అక్కడ రక్షణమంత్రిగా చేసిన మార్క్ ఎస్పర్ తన పుస్తకంలో అన్యాయంగా కొట్టేశారని 2021 నవంబరులో అదే శాఖ మీద కోర్టుకెళ్ళాడు, కొద్ది నెలల్లోనే చాలా భాగం వదిలేశారు, కేసు వెనక్కి తీసుకున్నాడు. కారణం చెప్పమని అడిగే దారి ఒకటుందక్కడ. మన జనరల్ గారికి వద్దన్న ఉత్తరం కూడా వచ్చినట్టు నేనెక్కడా వినలేదు, వస్తే కదా దాని మీద ఏదైనా చేయడానికి.

వాట్సాప్‌లో నౌకలు

మే 2025లో ఆపరేషన్ సిందూర్ మొదలైన రాత్రులు గుర్తున్నాయి కదా. 7వ తారీఖున వైజాగ్‌లో మాక్ డ్రిల్ జరిగింది, సైరన్లు మోగాయి. 8 రాత్రి టీవీల్లో కరాచీ పోర్టు బూడిదైపోయిందని గ్రాఫిక్సులతో ఒకటే అరుపులు, మా అపార్ట్‌మెంటులో బాణాసంచా కూడా కాల్చారు. తెల్లారేసరికి అదేమీ లేదని తేలింది. ఆ మధ్యలోనే మా బ్లాకు వాట్సాప్ గ్రూపులో ఒకాయన బాల్కనీ నుంచి తీసిన వీడియో పెట్టాడు, ఔటర్ హార్బరు వైపు నుంచి నౌకలు బయటికెళ్తున్నాయి, కింద "మనోళ్ళు బయల్దేరారు, జై హింద్" అని. మంచి మనిషి, అభిమానంతోనే పెట్టాడు. నేను విడిగా ఫోన్ చేసి, అన్నా, కూరగాయల కథ గుర్తుందా అని అడిగాను. రెండు నిమిషాల్లో తీసేశాడు. ఇరవై మంది అప్పటికే చూశారు.

ఆ రాత్రి నాకు బాగా తెలిసొచ్చింది ఏంటంటే, నమ్మే మాట చెప్పేవాడు లేకపోతే ఆ ఖాళీ ఊరికే ఉండదు. విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ గారు, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ వచ్చి కాగితం చూసి నిదానంగా నాలుగు ముక్కలు చెప్పిన రోజున మా ఇంట్లో అందరం శాంతపడ్డాం, వీళ్ళు చెప్పారంటే అదేనని మా అమ్మ టీవీ కట్టేసింది. చెప్పకూడనివి చెప్పలేదు, అది తెలుస్తూనే ఉంది, అయినా నమ్మాం. కానీ మన విమానాలు పోయాయా లేదా అన్నదానికి జవాబు మే 31న త్రివిధ దళాల అధిపతి (సీడీఎస్) అనిల్ చౌహాన్ గారు సింగపూర్‌లో విదేశీ మీడియాకి ఇచ్చిన ఇంటర్వ్యూల్లో విన్నాం. కొంత నష్టం జరిగింది, ఎందుకు జరిగిందో తెలుసుకుని సరిదిద్దుకున్నాం అన్నారు. సంఖ్య చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. చాలా నిబ్బరంగా చెప్పారు. ఆ మాటే ఢిల్లీలో, మనవాళ్ళ ముందు, ముందుగా చెప్పి ఉంటే ఎంత బావుండేది అని మాత్రం ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

గడువు, కారణం, కాళ్ళు

పోనీ ఏం చెయ్యాలంటావ్ అని చిన్నాన్నే అడిగాడు ఒకసారి. గడువు పెట్టాలి అన్నాను, మూడు నెలలో ఆరు నెలలో, ఆలోపు జవాబు రాకపోతే సరే అన్నట్టే లెక్క. కొట్టేసిన ప్రతి లైను పక్కనా ఒక వాక్యం కారణం రాయాలి, అది ఒప్పుకోకపోతే అడగడానికి పైన ఇంకొకరుండాలి. చదివేవాళ్ళలో ఒక్కరైనా అలాంటి కొండ ఎక్కిన కాళ్ళున్నవాళ్ళు ఉండాలి, తెలుగులో రాసినదాన్ని తెలుగువాడే చదవాలి. పాత రికార్డులకైతే 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక పాలసీ తెచ్చింది, మామూలుగా 25 ఏళ్ళకి బయటపెట్టాలని. రాత బావుంది. ఆ లెక్కన చూస్తే 1971 కాగితాలన్నీ ఈపాటికి మన చేతుల్లో ఉండాలి. గాజీ మునక మీద ఉన్న రికార్డులు 1980లోనే నాశనం చేసేశారని 2010లో పేపర్లో వచ్చిన వార్త చదివి ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మన రాజ్‌పుత్ ముంచిందని మనం అంటాం, లోపలే పేలిందని పాకిస్తాన్ వాళ్ళంటారు, తేల్చి చెప్పగలిగిన కాగితం ఇక లేదు. దాచుకున్నది ఎప్పటికైనా తీసుకోవచ్చు, కాల్చేసింది తీసుకోలేం.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకి వెళ్ళిన మన సిపాయిల ఉత్తరాలు బొలోన్‌లో ఇంగ్లీషులోకి తిప్పించి సెన్సారు చదివేవాడు. సిపాయిలు తమని నల్ల మిరియాలనీ, తెల్లవాళ్ళని ఎర్ర మిరపకాయలనీ రాసుకుని నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయని ఇంటికి కబురు పెట్టేవాళ్ళు. ఆ సెన్సారు రిపోర్టుల్ని పారేయకుండా దాచారు కాబట్టి వందేళ్ళ తర్వాత ఇవాళ మనం ఆ మాటలు చదవగలుగుతున్నాం. చిన్నాన్నకి ఈ సంగతి చెబితే చాలాసేపు ఆలోచించి "నా నోట్‌బుక్కు ఆఫీసులో కాపీ ఉంటాదేట్రా?" అని అడిగాడు.

నా వాదనలన్నిటికీ ఆయన ఒప్పుకోలేదు. గడువు దాటితే సరే అన్నట్టు అన్నదానికి అసలు ఒప్పుకోలేదు. "మంచులో ఇరుక్కున్నోడు గడువు చూసుకుంటాడా, ఒక్క తప్పు ముక్క బయటికెళ్తే తిరిగి రాదు, ఆలీసమైతే అవనీ" అన్నాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎర్ర గీతలు తప్పేనని మాత్రం ఒప్పుకున్నాడు, కానీ వాటిని దాటి పుస్తకం వెయ్యడానికి ససేమిరా అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. ఈ పోస్టులో సాక్సుల సంగతి రాసుకోనిచ్చింది కూడా ఏడాది, యూనిటు, కొండ పేరు ఏవీ రాయనని మాటిచ్చాకే. మొత్తం చదివి వినిపించమంటే నిన్న సాయంత్రం ఫోన్లో వినిపించాను. కంచర గాడిదల దగ్గర ఆపి "వేళ రాయలేదు కదా?" అన్నాడు. రాయలేదు అన్నాను. "మలుపు ఎటేపో?" రాయలేదు చిన్నాన్నా అన్నాను. "సరే అయితే" అన్నాడు. సాక్సుల దగ్గర మాత్రం ఆపలేదు, అది అయిపోయాక చిన్నగా "మూడు జతల్లో ఒకటి చిల్లుదిరా, అది కూడా రాయి" అన్నాడు.